అదునుకు అందిన ఎరువు: కాన్సాస్ గోధుమ చేలో సెప్టెంబరు నుంచి జూన్ దాకా

సెప్టెంబరు: లెక్క

మధ్యాహ్నం రెండు గంటలు. అమెరికా నడిబొడ్డున, కాన్సాస్ రాష్ట్రం మెక్‌ఫర్సన్ కౌంటీలో, ఖాళీ చేను మధ్యలో మీరు నిలబడి ఉన్నారు. దక్షిణపు గాలి ఆగకుండా కొడుతోంది. జూన్‌లో కోసిన గోధుమ మోళ్ళు చీలమండలకు గుచ్చుకుంటున్నాయి. కనుచూపు మేర చదును నేల, మైలుకొకటి చొప్పున సూటిగా సాగే మట్టిరోడ్లు, దూరాన ఊరి ధాన్యం ఎలివేటర్ తాలూకు తెల్లటి కాంక్రీటు గోపురం. కాలువ ఎక్కడా లేదు, బోరు మోత లేదు. ఈ చేనుకు వానా మంచూ తప్ప మరో నీరు రాదు.

రైతు వయసు అరవై దాటింది. ఆయన కూతురు పొడవాటి ఉక్కు గొట్టాన్ని బరువంతా వేసి నేలలోకి దింపుతోంది. గొట్టానికి ఒక పక్క తెరిచి ఉంది కనుక, పైకి లాగగానే మట్టి పొరలన్నీ కనబడుతున్నాయి. పై మూడంగుళాలు ఎండిపోయి తెల్లబడ్డాయి. దాని కింద ముదురు రంగు, చల్లదనం, పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టేంత తడి. అలా ఇరవైనాలుగు అంగుళాల లోతు దాకా తీసింది. చేనంతా తిరిగి చాలా చోట్ల ఇలాగే తీసి, బకెట్లో కలిపి, సంచిలో పోసి భూసార పరీక్షకు పంపుతుంది.

అంత లోతు ఎందుకని మీకు సందేహం రావచ్చు. భాస్వరం సంగతి తేలాలంటే పై ఆరంగుళాల మట్టి చాలు, అది పడ్డచోటి నుంచి పెద్దగా కదలదు. నత్రజని అలా కాదు. నైట్రేటుగా మారాక అది నీటితో పాటే నడుస్తుంది. పోయిన పంట తినగా మిగిలినదీ, వేసవిలో సేంద్రియ పదార్థం కుళ్ళి విడుదలైనదీ వానలకు కిందికి దిగి, రెండడుగుల లోపల నిలిచి ఉండవచ్చు. గోధుమ వేరు అంతకన్నా లోతుకే పోయి దాన్ని తెచ్చుకుంటుంది. ఆ నిల్వ తెలుసుకోకుండా ఎరువు కొనడమంటే ఇంట్లో బియ్యం చూసుకోకుండా బజారుకు బయలుదేరడమే.

వారం తర్వాత ఫలితాలు వచ్చాయి. ట్రక్కు బానెట్ మీద కాగితం పరిచి కూతురు లెక్క వేస్తోంది. ఆమె చదివింది ఇదే రాష్ట్రంలోని మన్‌హట్టన్ ఊళ్ళో ఉన్న కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో. తెలుగునాట వ్యవసాయ కళాశాలల్లో చదివి, పై చదువులకూ పరిశోధనకూ ఆ విశ్వవిద్యాలయానికి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఆమె వాడుతున్నది అక్కడి నుంచి ఎన్నో ఏళ్ళుగా రైతులకు చేరుతున్న సూత్రమే. ఆశించే దిగుబడి ఎకరాకు 60 బుషెళ్ళు, అంటే మన లెక్కలో సుమారు 16 క్వింటాళ్ళు. బుషెల్‌కు 2.4 పౌండ్ల నత్రజని చొప్పున మొత్తం 144 పౌండ్లు. నేలలో సేంద్రియ పదార్థం 2 శాతం ఉంది. శాతానికి 10 పౌండ్ల చొప్పున 20 పౌండ్లు నేలే ఇస్తుంది. రెండడుగుల లోపల ఉన్న నైట్రేటు మరో 40. ఈ రెండూ తీసేస్తే మిగిలింది 84 పౌండ్లు, అంటే 38 కిలోలు.

మన 45 కిలోల యూరియా బస్తాల్లో చెప్పుకుంటే రెండు బస్తాలకు కాస్త తక్కువ. గొట్టం దింపకుండా, తీసివేతలు చేయకుండా వేసి ఉంటే మూడు బస్తాలు దాటేది.

"ఎంతో తేలింది నాన్నా. ఎప్పుడన్నదే ఇక మిగిలింది" అంటుంది కూతురు. రైతు తలూపి, పక్క చేను వైపు చూస్తాడు. ఆ తలూపులో నలభై ఏళ్ళ సేద్యం ఉంది. ఎరువు ఎంతన్నది కాగితం మీద తేలుతుంది. ఎప్పుడు, ఎక్కడ అన్నవి చేలోనే తేలాలి. పైరు అడిగే రోజుకు వేరు దగ్గర ఉన్న నత్రజనే పంట అవుతుంది. మిగిలినదానికి డబ్బు కట్టడమే తప్ప ఫలం ఉండదు.

రైతు చూస్తున్న చోట, గట్టు వారగా, పచ్చటి మొలకలు వాడిపోయి పసుపు తిరుగుతున్నాయి. కోతలో రాలిన గింజలు వేసవి వానలకు తమంతట తామే మొలిచాయి. వాటికి మందు కొట్టి ఆయన చంపేశాడు. కంటికి ఆనని ఒక నల్లి ఆ మొలకల మీద వేసవి గడిపి, కొత్త పైరు లేవగానే గాలిలో తేలి దాని మీదికి వస్తుంది. వస్తూ గోధుమకు చారల మొజాయిక్ వైరస్ మోసుకొస్తుంది. ఆ వైరస్‌కు మందు లేదు. విత్తే తేదీకి కనీసం రెండు వారాల ముందు, చుట్టూ అర మైలు దూరంలో ఇలాంటి మొలక ఒక్కటీ బతికి ఉండకూడదన్నది ఇక్కడి నియమం. 2017లో పడమటి కాన్సాస్ చేలు ఈ తెగులుతో ఎలా పసుపెక్కాయో అందరికీ గుర్తుంది. జబ్బు పట్టి వేరు కుంగిన మొక్కకు ఎంత నత్రజని వేసినా తీసుకోలేదు కనుక, ఎరువు యాజమాన్యం ఈ మొలకలను చంపడంతోనే మొదలవుతుంది.

అక్టోబరు: విత్తు

పొరుగు రైతు ఒకాయన సెప్టెంబరులోనే విత్తేశాడు. నేలలో పదును ఉంది, విత్తే డ్రిల్లు సిద్ధంగా ఉంది. అయినా మీ ముందున్న రైతు ఆగాడు. ఆ ఆగడానికి కారణాలు ఉన్నాయి.

వేడి ఉన్నన్నాళ్ళూ హెస్సియన్ ఈగ ఎగురుతూ లేత గోధుమ ఆకుల మీద గుడ్లు పెడుతుంది. పురుగు ఆకు తొడుగు చాటుకు దిగి, కాండం మొదలు దగ్గర రసం పీల్చి మొక్కను గిడస బారుస్తుంది. చలి ముదిరితే ఈగ పోతుంది. అందుకే ఒక్కో కౌంటీకీ ఫలానా తేదీ తర్వాత విత్తితే మేలని శాస్త్రజ్ఞులు పట్టిక ఇచ్చారు. మధ్య కాన్సాస్‌లో అది అక్టోబరు మొదటి పక్షంలో పడుతుంది. ముందే విత్తిన చేలో ఇంకో నష్టం కూడా ఉంది. పైరు ఏపుగా పెరిగి, నేలలోని తడినీ నత్రజనినీ శీతాకాలం రాకముందే ఆకులకు ఖర్చు పెట్టేస్తుంది.

అలాగని మరీ ఆలస్యమూ పనికిరాదు. చలి బిగిసేలోగా మొక్క నాలుగైదు ఆకులు వేసి, రెండు మూడు పిలకలు తొడిగి, కణుపు వేళ్ళు దించుకోవాలి. శరదృతువులో పుట్టిన పిలకలే పెద్ద కంకులు ఇస్తాయి. వసంతంలో పుట్టినవి వెనకబడి, చాలావరకు చిన్న కంకులతో ఆగుతాయి.

ఈ రోజు ఉదయం డ్రిల్లు చేలోకి దిగింది. నలభై అడుగుల వెడల్పు, ఏడున్నర అంగుళాలకు ఒక సాలు. దాని వెనక మీరు నడుస్తున్నారు. ఇనుప బిళ్ళలు మోళ్ళను కోసుకుంటూ సన్నటి గాడి చేస్తాయి, గింజ పడుతుంది, వెనక చక్రం మట్టి నొక్కుతుంది. దుక్కి లేదు, నేల తిరగబడలేదు. మోళ్ళు అలాగే నిలిచి గాలికి మట్టి కొట్టుకుపోకుండా కాస్తున్నాయి, శీతాకాలంలో పడే మంచునూ అవే పట్టి ఉంచుతాయి.

కొద్ది దూరం పోయాక ట్రాక్టర్ ఆగింది. రైతు దిగి వచ్చి, జేబు కత్తితో సాలు విప్పాడు. ఎర్రటి గింజ ఒకటిన్నర అంగుళం లోతులో, తడి మట్టిలో కూర్చుని ఉంది. "ఇక్కడ ఉండాలి" అన్నాడు మీ వైపు చూసి. "పైన ఎండుమట్టిలో వదిలితే వాన కోసం కాచుకోవాలి. తడి వెతుక్కుంటూ మూడంగుళాలు దింపితే మొలక పైకి రాలేదు."

మొలక చుట్టూ ఒక తొడుగు ఉంటుంది. అదే మట్టిని చీల్చుకుంటూ పైకి వచ్చి లోపలి ఆకుకు దారి చేస్తుంది. పొట్టి రకాల్లో ఆ తొడుగూ పొట్టే. నేల బాగా వేడిగా ఉంటే ఇంకా కురచబడుతుంది. అది అందుకోలేని లోతులో విత్తితే ఆకు మట్టిలోనే విప్పుకుని, ముడతలు పడి చచ్చిపోతుంది.

ఈ పొట్టితనానికీ నత్రజనికీ సంబంధం ఉంది. మెక్‌ఫర్సన్, మేరియన్, హార్వే కౌంటీల గోధుమ చరిత్ర 1874లో మలుపు తిరిగింది. ఆ ఏడు రష్యన్ సామ్రాజ్యపు దక్షిణ భాగం నుంచి వలస వచ్చిన మెన్నోనైట్ కుటుంబాలు టర్కీ రెడ్ అనే శీతాకాలపు గోధుమను వెంట తెచ్చుకున్నాయి. చలికీ బెట్టకూ తట్టుకునే గింజ అది. కానీ దాని దంటు పొడవు. నత్రజని ఎక్కువైతే ఏపుగా ఎదిగి, కంకి బరువుకు నేలకు ఒరిగిపోయేది. 1946లో అమెరికా వ్యవసాయ శాస్త్రజ్ఞుడు సెసిల్ శాల్మన్ జపాన్ నుంచి తెచ్చిన నోరిన్-10 విత్తనం ప్రపంచ గోధుమను పొట్టిగా మార్చింది. నార్మన్ బోర్లాగ్ మెక్సికోలో దానితోనే పొట్టి రకాలు చేశాడు, అవే మన పంజాబ్‌కూ వచ్చాయి. దంటు పొట్టిగా, గట్టిగా మారాకే ఎరువు బస్తా కంకిగా మారగలిగింది.

ఎకరాకు 65 పౌండ్ల విత్తనం పడుతోంది, దాదాపు 30 కిలోలు. మరో మూడు వారాలు ఆలస్యమైతే ఇదే రైతు 90 పౌండ్లు వేస్తాడు. ఆలస్యంగా మొలిచిన మొక్కకు పిలకలు తొడిగే తీరిక ఉండదు కనుక, పిలకల లోటును గింజల సంఖ్యతో పూడ్చాలి.

డ్రిల్లులో రెండో పెట్టె ఉంది. అందులోంచి గింజతో పాటే సాలులోకి కొద్దిగా మోనో అమ్మోనియం ఫాస్ఫేటు పడుతోంది. చల్లబడుతున్న నేలలో భాస్వరం లేత వేరుకు అందడం కష్టం. పక్కనే ఉంటే వేరు త్వరగా దిగి, పిలక త్వరగా లేస్తుంది. అదే పెట్టెలో యూరియా పోస్తే పని తగ్గుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఆ పని చేయకూడదు. యూరియా గింజ పక్కన కరిగి అమ్మోనియాగా మారుతుంది, ఆ ఘాటు మొలకను చంపుతుంది. సాలులో ఖాళీలు కనబడేసరికి తిరిగి విత్తే అదును దాటిపోయి ఉంటుంది. అందుకే ఈ చేలో నత్రజనిలో 20 పౌండ్ల వరకే ఇప్పుడు వేశారు, అదీ ఎక్కువ భాగం గింజకు దూరంగా. శీతాకాలం వచ్చేలోగా పైరుకు అంతకు మించి అక్కరలేదు.

మిగిలిన 64 పౌండ్లు కూడా ఇప్పుడే వేసేసే పద్ధతి ఉంది. రోడ్డు మీద పొడవాటి తెల్లటి ట్యాంకులు లాక్కుపోయే ట్రక్కులు మీకు ఎదురవుతాయి. వాటిలో ఒత్తిడి కింద ద్రవంగా ఉన్న అమ్మోనియా ఉంటుంది, 82 శాతం నత్రజని. నాగటి కర్రులాంటి ఇనుప మొనల వెనక గొట్టాల ద్వారా దాన్ని మట్టిలోకి దింపుతారు. ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని పట్టే దారి కనిపెట్టాక, కార్ల్ బాష్ దాన్ని కర్మాగారం స్థాయికి తెచ్చాక, 1913లో జర్మనీలోని ఓపావ్‌లో మొదలైన పరిశ్రమ అది. ఎరువుల్లో పౌండు నత్రజనికి తరచుగా అగ్గువైనది కూడా ఇదే. పొడి శీతాకాలం అయితే ఆ పద్ధతితో ఇబ్బంది లేదు. వాన ఎక్కువైతే మాత్రం నైట్రేటుగా మారిన భాగం వేరు కిందికి జారిపోతుంది, లేదా నీరు నిలిచిన చోట వాయువై పోతుంది. పంట ఎలా వస్తుందో తెలియని అక్టోబరులోనే మొత్తం పెట్టుబడి పెట్టేయడానికి ఈ తండ్రీ కూతుళ్ళకు మనసొప్పలేదు.

సాయంత్రం కూతురు మరో పని చేసింది. చేను ఈ చివర నుంచి ఆ చివరకు, ఒక్క బార వెడల్పులో, కావలసినదానికన్నా బాగా ఎక్కువ నత్రజని వేసి, రెండు చివర్లా జెండాలు పాతింది. అది ఎందుకో ఫిబ్రవరిలో తెలుస్తుంది.

డిసెంబరు: చలి

ఇప్పుడు చేను పచ్చగా, చేతి వేలంత ఎత్తున, నేలను కరుచుకుని ఉంది. ఉదయం మంచు పట్టి ఆకులు బిరుసుగా ఉన్నాయి. పై నుంచి చూస్తే ఎదుగుదల ఆగినట్టే ఉంటుంది. మొక్క లోపల మాత్రం చలి తన పని చేస్తోంది. గడ్డకట్టే చలికి కాస్త ఎగువన, కొన్ని వారాల పాటు చల్లదనం అనుభవిస్తేనే ఈ గోధుమ వెన్ను వేసే దశకు తిరుగుతుంది. ఇదే గింజను ఏప్రిల్‌లో విత్తితే వేసవంతా గడ్డిలా పెరుగుతుంది తప్ప కంకి వేయదు. మన ఉత్తరాదిన రబీలో వేసే గోధుమకు ఈ షరతు అంతగా లేదు.

రైతు ఒక మొక్కను వేళ్ళతో సహా పెకలించి చూపిస్తాడు. ప్రధాన కాండం, రెండు పిలకలు, మూడోది తొంగి చూస్తోంది. మట్టిలో అంగుళం కిందుగా తెల్లటి ముడి ఉంది. మొక్క ప్రాణం దానిలోనే ఉంది. ఆకులన్నీ చలికి మాడినా ఆ ముడి బతికితే చాలు, మార్చిలో మళ్ళీ లేస్తుంది.

ఈ ఎదుగుదలకు నేల తన సొంత సొమ్ము ఇస్తోంది. అది ఎంత కాలం ఇవ్వగలదో తెలుసుకోవాలంటే దక్షిణాన ఓక్లహామా రాష్ట్రంలోని స్టిల్‌వాటర్‌కు వెళ్ళాలి. అక్కడ 1892లో అలెగ్జాండర్ మాగ్రూడర్ మొదలుపెట్టిన గోధుమ మడులు నేటికీ సాగుతున్నాయి. ఏటా అదే నేల, అదే పంట. ఎరువే వేయని మడి కూడా ఈనాటికీ కంకి వేస్తోంది, దిగుబడి మాత్రం తక్కువ. ప్రెయిరీ గడ్డి నేలను తొలిసారి దున్నిననాడు ఉన్న సేంద్రియ పదార్థంలో సగానికి పైగా ఇప్పుడు లేదు. నేల ఇచ్చేదాన్ని లెక్కలో కలపడమూ, అది తరిగిపోకుండా మోళ్ళను వదలడమూ ఒకే జాగ్రత్తలో రెండు భాగాలని ఆ మడులు చెబుతాయి.

ఫిబ్రవరి: పైపాటు

నెల చివరి వారం. రెండు రోజులుగా ఎండ కాస్తోంది. పైరు మళ్ళీ పచ్చబడుతోంది. నేల మీద మంచు లేదు, లోపల గడ్డ విడిచింది. గడ్డకట్టిన నేల మీద ఎరువు వేస్తే కరిగే మంచుతో వాగుల పాలవుతుంది కనుకనే వీళ్ళు ఇన్నాళ్ళూ ఆగారు. ఎల్లుండి అర అంగుళం వాన పడవచ్చని వాతావరణ శాఖ చెప్పింది. చేయాల్సిన రోజు ఇదే.

స్ప్రేయర్ రోడ్డు పక్కన ఆగి ఉంది, ట్యాంకు నిండా ద్రవ ఎరువు. దాన్ని నడపడానికి ముందు కూతురు మిమ్మల్ని జెండా పాతిన చోటికి తీసుకెళ్తుంది. అక్టోబరులో ఎక్కువ నత్రజని వేసిన బార ఇదే. ఇటూ అటూ చూడండి. బార మరీ పచ్చగా, మిగతా చేను పాలిపోయి కనబడితే చేను ఆకలితో ఉన్నట్టు. రెండింటికీ తేడా కనబడకపోతే ఇంతవరకు నేల చాలినంత ఇస్తున్నట్టు. ఓక్లహామా స్టేట్ యూనివర్సిటీలో విలియం రాన్ బృందం రైతుల్లోకి తీసుకెళ్ళిన పద్ధతి ఇది. కంటి చూపు మీదే ఆధారపడనక్కరలేదు. గ్రీన్‌సీకర్ అనే చేతి పరికరం ఆకుల మీద ఎరుపు, పరారుణ కాంతి వేసి, తిరిగి వచ్చిన కాంతిని కొలిచి పచ్చదనానికి ఒక అంకె ఇస్తుంది.

ఆమె బార మీద నడిచి ఒక అంకె, పక్క పైరు మీద నడిచి ఒక అంకె తీసుకుంది. తేడా ఉంది, కానీ కొద్దిగానే. శీతాకాలం పొడిగా గడిచింది, నైట్రేటు కిందికి జారలేదు, నేల అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువే ఇచ్చింది.

"64 అక్కరలేదు నాన్నా. 50 చాలు."

"వానలు బాగా పడితే?"

"పడితే ఆ బార ముందుగా చెబుతుంది. అప్పుడు ఇంకో దఫా వేద్దాం."

రైతు వెంటనే ఒప్పుకోలేదు. వంగి ఒక మొక్క పీకాడు. కాండాన్ని జేబు కత్తితో నిలువునా చీల్చి, భూతద్దం మీ చేతికిచ్చాడు. మట్టి మట్టానికి కాస్త కిందుగా, ఒకటి రెండు మిల్లీమీటర్ల పొడవున, పాలరంగులో ఒక మొన. దాని రెండు పక్కలా వరసగా సన్నటి బుడిపెలు. జూన్‌లో కోయబోయే కంకి అదే. ఆ బుడిపెలే ఒక్కో చిరుకంకి అవుతాయి. కంకిలో ఎన్ని వరసలు ఉండాలో ఈ రెండు మూడు వారాల్లో, మట్టి కింద, ఎవరికీ కనబడకుండా తేలిపోతుంది. మొదటి కణుపు నేల పైకి వచ్చేసరికి ఆ లెక్క ముగుస్తుంది. ఆ తర్వాత వేసిన నత్రజని గింజ బరువుకూ ప్రొటీన్‌కూ కొంత పనికొస్తుంది కానీ, తగ్గిపోయిన వరసలను తిరిగి పుట్టించలేదు.

తెలుగు రైతుకు ఇది తెలియని సంగతి కాదు. గోదావరి డెల్టాలో వరికి పిలకల దశలో ఒకసారి, చిరుపొట్ట దశలో ఒకసారి యూరియా వేసేది ఇందుకే. చిరుపొట్ట అంటే వెన్ను కాండం లోపల రూపు కట్టే సమయం. పొట్ట బయటికి కనబడ్డాక వేసేవాడు ఆలస్యమైనట్టే. తేడా నీళ్ళ దగ్గర ఉంది. డెల్టా రైతు మడిలో నీరు తీసి, యూరియా చల్లి, మళ్ళీ నీరు పెట్టుకోగలడు. కాన్సాస్ రైతు ఎరువు చల్లి ఆకాశం వైపు చూడాలి. అందుకే ఇతను పైరు అడిగేదాకా ఆగడు. వాన తెచ్చి ఇవ్వడానికి వ్యవధి ఉంచి, కొన్ని వారాలు ముందే వేస్తాడు.

రైతు కత్తి మూసి జేబులో పెట్టుకున్నాడు. "సరే తల్లీ, 50."

స్ప్రేయర్ కదిలింది. ఇరుపక్కలా చేతులు చాచుకుని తొంభై అడుగుల వెడల్పున పోతోంది. మీరు అనుకున్నట్టు తుంపరలు పడటం లేదు. సన్నటి ధారలు నిలువుగా నేలకు దిగుతున్నాయి, ధారకూ ధారకూ మధ్య చాలా అంగుళాల ఎడం. కారణాలు రెండు. తుంపరగా కొడితే ఆకు మీద పడి మాడుస్తుంది. నేలంతా పలచగా పడితే మోళ్ళ మీదే ఎక్కువ ఆగుతుంది. కుళ్ళుతున్న గడ్డిలోని సూక్ష్మజీవులు తమ తిండికి ఆ నత్రజనినే పట్టుకుంటాయి. గీతలుగా పోస్తే గడ్డి సందుల్లోంచి మట్టికి చేరుతుంది.

ట్యాంకులో ఉన్నది యూరియా, అమ్మోనియం నైట్రేటు కలిసిన ద్రావణం, 28 శాతం నత్రజని. గ్యాలనుకు సుమారు 3 పౌండ్లు. ఎకరాకు 17 గ్యాలన్లు, మన లెక్కలో 64 లీటర్లు. అందులో పావు వంతు నైట్రేటు, వాన పడగానే వేరుకు దిగుతుంది. పావు వంతు అమ్మోనియం, మట్టిని పట్టుకుని నెమ్మదిగా అందుతుంది. మిగిలిన సగం యూరియా. మట్టిలోనూ గడ్డిమీదా ఉండే యూరియేజ్ అనే ఎంజైము దాన్ని అమ్మోనియాగా విడగొడుతుంది. అది మట్టి లోపల జరిగితే లాభం, పైన జరిగితే గాలిపాలు. వెచ్చటి రోజు, తడి గడ్డి, వాన లేని వారం, ఈ మూడూ కలిస్తే పోయేది తక్కువేమీ కాదు. ఈ చల్లటి ఫిబ్రవరి నేలలో ఎంజైము మందకొడిగా ఉంటుంది, ఎల్లుండి వాన మిగతాది లోపలికి తీసుకుపోతుంది.

ఆ వాన పడింది. అర్ధరాత్రి మొదలై తెల్లవారేదాకా సన్నగా కురిసింది. ఉదయం చేలో నడిస్తే బూట్లకు బంక మట్టి అంటుకుంది, గీతలు మాయమయ్యాయి. యాభై పౌండ్లూ చేరాల్సిన చోటికి చేరాయి.

ఏప్రిల్: ఎదుగుదల

ఇప్పుడు పైరు మోకాలు దాటుతోంది. వేళ్ళతో కాండం తడిమితే కణుపులు తగులుతున్నాయి. కణుపు మొదలైన రోజు నుంచి కంకి బయటపడేదాకా మొక్క నత్రజనిని అన్నిటికన్నా వేగంగా తీసుకుంటుంది. పూత నాటికి తన పంటకాలపు భోజనంలో ఎక్కువ భాగం అయిపోతుంది. గింజలో చేరే ప్రొటీన్ చాలామట్టుకు ఈ ఆకుల్లో, ఈ దంటులో దాచుకున్న నత్రజని నుంచే కదిలి వస్తుంది.

జెండాల మధ్య బార ఇప్పుడూ మిగతా చేనుతో దాదాపు సమంగానే ఉంది. పైగా దాని కాండాలు కాస్త మెత్తగా, ఆకులు మరీ దట్టంగా ఉన్నాయి. మే నెల గాలివానలకు ముందుగా ఒరిగేది అదే.

ఎక్కువైన నత్రజని పైరును ఒరగదోసి ఊరుకోదు. పక్క కౌంటీ రెనోలో ప్రెటీ ప్రెయిరీ అనే చిన్న ఊరు ఉంది, చుట్టూ పొలాలు. అమెరికా ప్రభుత్వం తాగునీటిలో నైట్రేటు నత్రజనికి లీటరుకు 10 మిల్లీగ్రాములు హద్దుగా పెట్టింది. అది దాటితే పసిబిడ్డల రక్తం ఆక్సిజన్ మోయలేని స్థితికి రావచ్చు. ఆ ఊరి బావి నీరు ఏళ్ళ తరబడి ఆ హద్దు దాటే ఉండేది. ఊరు తన జనానికి సీసాల్లో నీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది. ఎవరో ఒక రైతు ఒక్క ఏడాదిలో చేసిన పని కాదది. పైరుకు అందకుండా జారిపోయిన కొద్ది కొద్ది పౌండ్లే ఎన్నో ఏళ్ళకు ఊరి గొంతులోకి వచ్చాయి. ఫిబ్రవరిలో కూతురు తగ్గించిన 14 పౌండ్లు మిగిల్చిన డబ్బు ఒక లాభమైతే, ఊరి నీరు చెడకుండా ఉండటం దానికన్నా పెద్ద లాభం.

జూన్: కోత

మూడో వారం. ఉదయం మంచు ఆరేదాకా ఆగి, పదకొండు గంటలకు కంబైన్ చేలోకి దిగింది. చేను బంగారు రంగు దాటి తెల్లబడింది. వేడి గాలి, పొట్టు దుమ్ము, ఇంజన్ హోరు. రైతు గుప్పెడు గింజలు నోట్లో వేసుకుని కొరికాడు. పటుక్కుమని విరిగాయి. తేమ 13.5 శాతం లోపే ఉంటుందని ఆయనకు ఆ చప్పుడుతోనే తెలుస్తుంది.

కంబైన్ క్యాబిన్‌లో కూతురి పక్కన మీరు కూర్చున్నారు. తెర మీద దిగుబడి అంకె క్షణక్షణం మారుతోంది. 55, 61, 58. ఎదురుగా జెండా కనబడింది. ఎక్కువ ఎరువు తిన్న బార మొదలైంది. ఆమె మాట ఆపి తెర వైపే చూస్తోంది. 57, 60, 59. చివరి జెండా దాటింది. ఆ బార మిగతా చేనుకన్నా ఎక్కువేమీ ఇవ్వలేదు.

ట్రక్కు ఎలివేటర్ దగ్గర వరసలో నిలిచింది. పై నుంచి ఒక గొట్టం దిగి, గింజలు పీల్చుకుని లోపలికి తీసుకుపోయింది. కాసేపటికి చీటీ వచ్చింది: తేమ, బరువు, ప్రొటీన్. ప్రొటీన్ 12 శాతం దాటింది. ఈ ప్రాంతపు శాస్త్రజ్ఞులు 11.5 శాతాన్ని గీతగా పెట్టుకుంటారు. దాని కిందికి వస్తే నత్రజని చాలక దిగుబడి కూడా తగ్గి ఉండవచ్చని అర్థం. 2016లో కాన్సాస్ రాష్ట్ర సగటు ఎకరాకు 57 బుషెళ్ళు పలికి రికార్డు కొట్టింది, ప్రొటీన్ మాత్రం బాగా పడిపోయింది. వానలు పెంచిన పంటకు నత్రజని చాలలేదు. అందుకే ఈ కుటుంబానికి చీటీలోని ఆ చివరి అంకె మీద అంత శ్రద్ధ.

ఈ ఏడు బార, చీటీ అనే రెండు సాక్ష్యాలూ ఒకే మాట చెప్పాయి. పైరు పస్తు పడలేదు, ఎరువు దండగ కాలేదు.

ఈ చేను నుంచి మన చేలకు తెచ్చుకోగలిగింది యంత్రాలు కాదు. గ్రీన్‌సీకర్ లేకపోయినా, స్ప్రేయర్ లేకపోయినా, ఏ వరి రైతయినా, ఏ మొక్కజొన్న రైతయినా తన మడిలో ఒక చిన్న బార గుర్తు పెట్టి, దానికి కాస్త ఎక్కువ యూరియా వేసి, పైపాటుకు ముందు వెళ్ళి రెండు పక్కలా పచ్చదనం పోల్చి చూడవచ్చు. చేతిలో ఆకు రంగు పట్టిక ఉంటే మరీ మంచిది. 2015 నుంచి మన దేశంలో మామూలు యూరియా వేపపూతతోనే వస్తోంది. అది నత్రజనిని కాస్త నెమ్మదిగా వదులుతుంది, కానీ ఎప్పుడు వేయాలో చెప్పదు. ఆ మాట చెప్పగలిగింది పైరే. పక్కవాడు చల్లాడని చల్లడం, బస్తా దొరికిందని వేసేయడం మానాలి. బారకూ పక్క పైరుకూ తేడా లేనప్పుడు బస్తాను పక్కన పెట్టే ధైర్యం కావాలి. తేడా కనబడ్డ రోజున ఆలస్యం చేయకుండా వేసే చురుకుదనమూ కావాలి. ఈ రెండూ నేర్చుకున్న రైతు ఇంట డబ్బు మిగులుతుంది, అతని ఊరి బావి నీరు తాగడానికి పనికొస్తుంది.